కాపర్ కోర్టు, పై అంతస్తు వెనక గది

1889 మార్చి 3, ఆదివారం

హెట్టీని కెనడా పంపిస్తారట, పిల్లల ఆశ్రమంలోని ఇంకొందరితో కలిపి, అక్కడి ఇళ్ళలో పెరగడానికి. వచ్చే నెల పదిహేడు, బుధవారం పొద్దున రైలు. రైలు దిగాక ఓడ.

ఈ మాట ఆశ్రమం వాళ్ళు నాకు చెప్పలేదు. హెట్టీయే చెప్పింది. నెలకొక ఆదివారం చూడనిస్తారు, గంటసేపు, బల్లకి అటు అది, ఇటు నేను. "అమ్మా, నా పేరు మొదటి జట్టులో ఉంది. రేకు పెట్టె ఇచ్చారు. దానిమీద నా పేరు కూడా రాశారు," అంది. ఆ పెట్టె అంటే సంబరమే దానికి. తొమ్మిదేళ్ళొచ్చాయి, తనదంటూ ఒక పెట్టె ఎప్పుడుంది గనక. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు కూడా వస్తావా?" అని అడిగింది.

దాని కాలర్ సరిచేశాను. ఎవరు ఇస్త్రీ చేశారో గానీ చాలా పాడుగా చేశారు.

పంపనివ్వను. ఆ మాట రాసుకోవడానికే ఈ పుస్తకం తీశాను. పాత లాండ్రీలో బట్టల పద్దు రాసేది, సగం ఖాళీగా ఉంది. ఈ ఇంటి వంటగదిలో ఒక మాటంటే ముప్ఫై మంది ఆడవాళ్ళు వింటారు. కాగితం మీద రాస్తే భయం లేదు, ఇక్కడ చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

జనవరిలో పిల్లని అప్పజెప్పినప్పుడు ఆశ్రమం వాళ్ళు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. దాన్ని నేను సరిగ్గా చదవలేదు. వెలుతురు తక్కువగా ఉంది.

మార్చి 4, సోమవారం

ఆశ్రమం ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా వెతికి వెతికి కాగితం తీశాడు. పిల్లను సముద్రం దాటించడానికి తల్లికి సమ్మతమే అని ఉంది, కింద నా సంతకం.

"నువ్వు పెట్టిందే కదమ్మా?"

"నేనే పెట్టాను. తెలీక పెట్టాను."

"తెలిసి పెట్టినా తెలీక పెట్టినా సంతకం సంతకమే," అన్నాడు. మనిషి చెడ్డవాడు కాడు. నా మొహం చూసి కొంచెం తగ్గాడు. "స్థిరమైన పని, స్థిరమైన ఇల్లు చూపించు. కమిటీలో ఒక అమ్మగారు ఉన్నారు, వచ్చి చూసి వెళ్తారు. ఆవిడ బాగుందంటే మిగతావాళ్ళు వింటారు. లాడ్జింగ్ హౌస్‌లో ఉంటున్నానని మాత్రం చెప్పకు. దాన్ని వాళ్ళు ఇల్లు కింద లెక్కపెట్టరు."

కాగితం అడుగున ఇంకేవో చిన్న అక్షరాలున్నాయి. అతని బొటనవేలు వాటిమీదే ఉంది. తియ్యమని నేను అడగలేదు.

ఇల్లు కింద లెక్కపెట్టరట. నిజమే, పొద్దున పదింటికల్లా మంచాలు ఖాళీ చేయించి వీధిలోకి తోలే చోటుని నేనూ ఇల్లు అనను. నాలుగు పెన్నీలిస్తే ఒక రాత్రికి ఒక మంచం. దుప్పట్లు ఎవరూ పట్టుకుపోయి తాకట్టు పెట్టకుండా వాటిమీద నల్లటి ముద్ర కొడతారు. పిల్లల్ని రానివ్వరు. మా ఆయన పోయి, అద్దె కట్టలేక గది పోయాక, వారం రోజులకని వచ్చాను ఇక్కడికి. ఏడు వారాలైంది.

మార్చి 5

ముందు పని. తర్వాత గది.

మార్చి 8, శుక్రవారం

పని దొరికింది. లాంబెత్‌లో పెద్ద లాండ్రీ, ఇస్త్రీ గదిలో.

లాడ్జింగ్ హౌస్ ఆడవాళ్ళని లాండ్రీల్లో పెట్టుకోరు, బట్టలు మాయమవుతాయని భయం. ఇస్త్రీ గది పెద్దావిడ మొదట అడిగింది అదే. "ఎక్కడుంటావు?"

"బరోలోనండి."

"బరోలో ఎక్కడ?"

"ముందు ఒక చొక్కా ఇచ్చి చూడండి. అది బాగా లేకపోతే నేనెక్కడున్నా మీకెందుకు."

నా వంక ఎగాదిగా చూసి, గంజి పెట్టిన చొక్కా ఒకటి విసిరింది. నేను ఇస్త్రీపెట్టె చెంప దగ్గర పెట్టి వేడి చూసుకుని మొదలుపెట్టాను. కాలర్, పట్టీలు, చేతులు, ఆఖర్న ఛాతీ భాగం. నా చేతులు ఏ పనీ మర్చిపోలేదు. ఆవిడ చొక్కాని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు తప్పు వెతికింది, దొరకలేదు. సోమవారం ఆరింటికి రమ్మంది. ఎక్కడుంటానో మళ్ళీ అడగలేదు.

మార్చి 10, ఆదివారం

ఆదివారం పగలు కూడా వంటగదిలో ఉండనిస్తారు. పొయ్యి పక్క కుర్చీలో బిడ్డీ అవ్వ. పదకొండేళ్ళుగా ఆ కుర్చీ ఆవిడదే. ఐర్లండు నుంచి వచ్చి ఈ ఇంట్లోనే ముసలిదైంది. మనిషిలో ఏమీ లేదు, ఎముకలూ నోరూ తప్ప. ఆ పక్కన లూ, వంతెన దగ్గర పూలమ్ముతుంది. పాతికేళ్ళుండవు గానీ మాట పడే రకం కాదు. పటాలంలో ఉన్న వాళ్ళన్నయ్య రాసిన ఉత్తరం నాచేత మూడోసారి చదివించుకుంది. అందులో ఉన్నది రెండు వాక్యాలు, అతనికి జ్వరం తగ్గిందనీ, బూట్లు బిగువుగా ఉన్నాయనీ.

హెట్టీ సంగతి చెప్పాను. ఎన్నాళ్ళని దాచుకోను.

"ఆ కాగితంలో ఏముందే?" అంది అవ్వ.

"చదవలేదవ్వా."

లూ కాల్చుకుంటున్న చేపని పక్కన పెట్టింది. "నువ్వా? చేపకి చుట్టిన కాగితం కూడా వదలకుండా చదివేదానివి. మొన్న నా టీ పొట్లం మీది గుర్రప్పందేల కబుర్లు చదివి వినిపించావు. నీ కూతురి కాగితం చదవలేదా?"

"వెలుతురు లేదని చెప్పానా."

"ఎక్కడ, ఆఫీసులోనా?"

"నీకెందుకే అవన్నీ," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. వంటగదంతా ఇటు తిరిగింది. అవ్వ లూ మోకాలి మీద కొట్టి ఊరుకోమంది. లూ చేపలో సగం తుంచి నా రొట్టె మీద పెట్టింది. కోపంతో తిన్నాను. బాగుంది.

చదివానేమో. చదివినా అర్థమై ఉండదు. ఆ రోజు నా బుర్ర పనిచెయ్యలేదు.

మార్చి 17, ఆదివారం

పొద్దుటి నుంచి గదుల కోసం తిరిగాను. పదకొండు తలుపులు కొట్టాను. ఒకావిడ పిల్లలొద్దంది. ఒకావిడ మగదిక్కు లేనివాళ్ళొద్దంది. ఇంకొకాయన తానే మగదిక్కుగా ఉంటానన్నాడు, ఆ గుమ్మం ఇక తొక్కను. తక్కినవాళ్ళంతా రెండు వారాల అద్దె ముందు కట్టమన్నారు. నాకు మొదటి కూలి చేతికి రావాలంటే ఇంకా ఆరు రోజులు. పిల్ల రైలెక్కడానికి ముప్ఫై ఒక్క రోజులు.

మార్చి 18

కమిటీకి ఉత్తరం రాశాను. మంచి దస్తూరీతో, తుడుపులు లేకుండా. స్థిరమైన పని దొరికిందనీ, ఇల్లు వచ్చి చూడమనీ. చిరునామా: ఏడో నంబరు, కాపర్ కోర్టు, పై అంతస్తు వెనక గది.

అందులో అబద్ధమేముంది. ఆ గదిలోనే కదా పడుకుంటున్నాను. నాతోపాటు ఇంకో ముగ్గురు పడుకుంటారని రాయలేదు, అంతే.

మార్చి 26, మంగళవారం

జవాబొచ్చింది. మిస్ ఫెన్విక్ అనే అమ్మగారు ఏప్రిల్ నాలుగున, గురువారం మధ్యాహ్నం వస్తారట.

ఆవిడ వచ్చే లోపల నిజంగా గది దొరుకుతుందనుకున్నాను. ఎలా దొరుకుతుందనుకున్నానో ఇప్పుడు నాకే తెలీదు. తొమ్మిది రోజుల్లో నాలుగు మంచాల గది ఒక తల్లీకూతుళ్ళ ఇల్లు అవ్వాలి.

మార్చి 28

దారి దొరికింది. సున్నం.

ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ మొదటి వారం, అక్టోబరు మొదటి వారం, లాడ్జింగ్ హౌస్ గోడలకి సున్నం కొట్టించాలని చట్టం. పోలీసాయన వచ్చి చూస్తాడు. ఆ వారం గది తర్వాత గది ఖాళీ చేస్తారు, మంచాలు నడవాలోకి వెళ్తాయి, ఒక్కో గదికి ఎన్ని మంచాలో రాసి తగిలించే అట్ట దించుతారు, వీధి గుమ్మం మీది బోర్డు కూడా రంగు కోసం దించుతారు. ఆ వారం ఈ ఇల్లు ఏ ఇల్లైనా కావచ్చు.

ఇంటిని నడిపే మిసెస్ స్క్విబ్‌తో మాట్లాడాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. ముక్కుపొడి పీల్చి, "నాకేమిటి?" అంది.

"పై అంతస్తంతా నేను సున్నం కొడతాను. మీరు మనిషిని పెట్టుకోనక్కర్లేదు."

"పనికి ఎప్పుడు వెళ్తావే?"

"పనినుంచి వచ్చాక కొడతాను."

"మెట్లు కూడా," అంది.

"మెట్లు కూడా."

ఏప్రిల్ 1

సున్నం. జుట్టులో, కళ్ళలో, టీలో.

ఏప్రిల్ 3, బుధవారం

అయిపోయింది. నాలుగు మంచాల్లో రెండు ఉంచాను, పెద్దదొకటి, పక్కన చిన్నదొకటి. లూ తన పూలలో మిగిలినవి సీసాలో పెట్టింది. ఆ వాడిన పువ్వులు వద్దంటే, "ఒంటరి ఆడదాని ఇంట్లో తాజా పువ్వులుంటే ఎవరిచ్చారని అడుగుతారే, ఇవే మర్యాద," అంది. అవ్వ తన క్రీస్తు పటం గోడకి తగిలించింది. "మీది క్యాథలిక్ చర్చి, మాది వేరే అని తెలుస్తుందేమో," అంటే, "నీ మేకుకి ఆ తేడా తెలీదు, ఆవిడకి తెలిస్తే చూసుకుందాం," అంది.

మిసెస్ స్క్విబ్ అన్నింటికంటే కొత్త దుప్పటి తీసి ఇచ్చింది. అది మాత్రం నేను ఊహించలేదు. లాండ్రీ పెద్దావిడని బతిమాలుకుని ఒక ఇస్త్రీపెట్టె ఒక్క రాత్రికి తెచ్చాను. వంటగది బల్ల మీద ఇస్త్రీ చేశాను, గొప్పవాళ్ళ ఇళ్ళ దుప్పట్లకి చేసినట్టు. చెయ్యి పెడితే జారిపోయేలా వచ్చింది. అందరూ వచ్చి చూశారు.

హెట్టీ ఈ మంచం మీద పడుకోదు. తెలుసు. అయినా చిన్న మంచం దిండు రెండుసార్లు సరిచేశాను.

ఏప్రిల్ 4, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. పాడైపోయింది.

మిస్ ఫెన్విక్ మూడింటికి వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, నల్ల చేతి తొడుగులు, చెడ్డ మొహం కాదు. మిసెస్ స్క్విబ్ ఆ పూట ఎవర్నీ వీధిలోకి తోలలేదు, కింద వంటగదిలో ముప్ఫై మంది ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. పక్కింట్లో ఎవరో పోయారనుకుని గంటసేపు నోరెత్తకూడదని అవ్వ వాళ్ళచేత ఒట్టు వేయించింది. "చాలా ప్రశాంతమైన ఇల్లు," అన్నారు అమ్మగారు మెట్లెక్కుతూ. మెట్ల మలుపులో లూ గోడకేసి తిరిగి నవ్వు మింగుతోంది.

గదిలోకి వచ్చి కిటికీ చూశారు. గోడ చూశారు. "మీరే సున్నం కొట్టుకున్నారా?" అన్నారు. నిజమే గనక గర్వంగా అవునన్నాను. పని గురించి అడిగారు, చెప్పాను. హెట్టీ ఎక్కడ పడుకుంటుందో అడిగారు, చూపించాను. అన్నీ బాగానే జరుగుతున్నాయి. అప్పుడు పెద్ద మంచం దగ్గరికి వచ్చి, "ఎంత చక్కగా మడిచారు," అని వంగారు. వంగి, అలాగే ఉండిపోయారు.

పదేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నాను. గొప్పింటి దుప్పటికి ఒక మూల ఆ ఇంటివాళ్ళ అక్షరాలు కుట్టి ఉంటాయి. పక్క వేసేటప్పుడు ఆ అక్షరాలు పైకి కనబడేలా, కంబళి మీదికి మడవాలి. అది పని నేర్చుకున్న మొదటి నెలలోనే చేతికి పట్టిన అలవాటు. నా చేతులు ఆ దుప్పటి మీద అక్షరాలు చూశాయి, అలాగే మడిచాయి. సరిగ్గా మధ్యలోకి, ముడత లేకుండా. అరచెయ్యంత నల్లటి అక్షరాలు.

స్క్విబ్ లాడ్జింగ్ హౌస్ నుంచి దొంగిలించినది.

తాకట్టు కొట్టువాడు తీసుకోకుండా ప్రతి దుప్పటి మీదా ఆ మాటే కొడతారు. మొదటి రాత్రి చదివి నవ్వుకున్నాను. ఆ తర్వాత నా కంటికి ఆనలేదు. దాన్ని గడ్డం కిందికి లాక్కుని పడుకునేవాళ్ళం అందరం. నిన్న రాత్రి బల్ల చుట్టూ మూగినవాళ్ళలో చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

"ఇది లాడ్జింగ్ హౌసా, మిసెస్ గార్బట్?"

"అవునమ్మగారూ."

"ఈ గదిలో ఎంతమంది?"

"నలుగురం."

ఆవిడ చేతి తొడుగు సరిచేసుకున్నారు. "గది శుభ్రంగా ఉంది. పని గురించి మీరు చెప్పింది కూడా నిజమేనని నాకు తెలుసు, లాండ్రీలో కనుక్కునే వచ్చాను. ఈ ఒక్క అబద్ధం లేకుండా ఉండాల్సింది. ఇక మీరు ఏం చెప్పినా వాళ్ళు నమ్మరు," అన్నారు. గుమ్మం దగ్గర ఆగి, "కమిటీ వచ్చే బుధవారం కూర్చుంటుంది. అయినా రండి," అని వెళ్ళిపోయారు.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా వంటగదిలో ఎవరూ మాట్లాడలేదు. ఒట్టు వేశారు కదా.

ఏప్రిల్ 5

పనికి వెళ్ళాను. ముప్ఫై ఒక్క చొక్కాలు.

ఏప్రిల్ 7, ఆదివారం

హెట్టీని చూశాను. కొత్త గౌను వేశారు, ప్రయాణానికి. పొడుగు ఎక్కువైంది, పెరుగుతుందని అలా కుట్టారట. అక్కడ పెరుగుతుంది.

బల్ల మీదికి వంగి గుసగుసగా చెప్పింది. "అమ్మా, మేట్రన్ నన్నడిగింది, మీ అమ్మ అన్నీ తెలిసే సంతకం పెట్టింది కదా అని. నేను కాదన్నాను. మా అమ్మకి చదువు రాదు, అందుకే తెలీలేదు అని చెప్పాను."

దానికి అక్షరాలు నేర్పింది నేను. ఇస్త్రీ బల్ల కింద కూర్చోబెట్టి సుద్దముక్కతో నేర్పాను.

"నువ్వు కూడా అలాగే చెప్పు," అంది. "మర్చిపోకు. చదువు రాదని చెప్పు. అప్పుడు నన్ను ఇచ్చేస్తారు."

"అలాగే," అన్నాను.

ఏప్రిల్ 8, సోమవారం

లూ గది చూసి వచ్చింది. పెంపుడు పిల్లులకి పెట్టే మాంసం అమ్మే కొట్టు పైన, మేడమీద వెనక గది. వాసన కొడుతుంది గనక ముందు అద్దె అడగడం లేదు. ముగ్గురం కలిసి తీసుకుందామంది, తను, నేను, అవ్వ.

"ఇప్పుడెందుకు గది? అబద్ధాలకోరునని వాళ్ళకి తెలిసిపోయింది," అన్నాను.

"తెలిస్తే తెలిసింది. పిల్లనిస్తే పెట్టుకోడానికి చోటుండొద్దా?"

అవ్వ మాత్రం రానంది. పదకొండేళ్ళు ఈ కుర్చీలో కూర్చున్నాను, చస్తే ఇందులోనే చస్తానంది. అరగంట తర్వాత లేచి, తన పటం తెమ్మంది. "పిల్లులు నన్ను తినేస్తే మీదే పాపం," అంది. ఆవిడ వీధి గుమ్మం దాటకముందే ఇంకొకామె ఆ కుర్చీలో కూర్చుంది. అవ్వ వెనక్కి తిరిగి చూసింది గానీ ఆగలేదు.

ఏప్రిల్ 9

చదువు రాదని చెప్తాను. అంతే. ఉత్తరం ఎవరు రాశారంటే పక్కింటావిడ రాసిందంటాను. సంతకం ఒక్కటే నేర్చుకున్నానంటాను.

చదువు రాదు. చదువు రాదు. చదువు రాదు.

ఏప్రిల్ 10, బుధవారం

మొత్తం రాయాలి.

పొడుగు బల్ల, దాని వెనక ఏడుగురు. మధ్యలో తెల్లగడ్డం పెద్దాయన. చివర మిస్ ఫెన్విక్. గోడవారన మేట్రన్, ఆవిడ పక్కన హెట్టీ. పిల్లని లోపలికి తెస్తారని నాకు తెలీదు.

"నీకు చదువు రాదని నీ కూతురు చెబుతోంది. నిజమేనా?" అన్నాడు పెద్దాయన.

హెట్టీ నా వంకే చూస్తోంది. తల ఊపాను.

"మరి కమిటీకి వచ్చిన ఈ ఉత్తరం?"

"పక్కింటావిడ రాసిందయ్యా."

మిస్ ఫెన్విక్ తల దించుకున్నారు.

"సరే," అన్నాడు ఆయన. కోపంగా కూడా కాదు. "నీకు చదువు రాదు గనక నేనే చదివి వినిపిస్తాను. జనవరిలో కూడా ఎవరో ఒకరు చదివి వినిపించే ఉంటారు, అది మా పద్ధతి." కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఫలానా సెలీనా గార్బట్, ఫలానా హారియెట్ గార్బట్, అంటే మా హెట్టీ, తల్లి, పిల్ల మేలు కోరి, సముద్రం దాటించడానికి మనఃస్ఫూర్తిగా సమ్మతిస్తూ. నా సంతకం దాకా చదివి ఆపాడు. "అంతే. ఇందులో నీకు తెలీనిదేమీ లేదు. చదువు రానంత మాత్రాన ఇచ్చిన మాట పోదు. పిల్లకి అక్కడ మంచి గాలి, మంచి తిండి. దేవుడు చల్లగా చూస్తాడు." కాగితం మడవబోయాడు.

అంతే కాదు. సంతకం కింద చిన్న అక్షరాలతో ఇంకొక వాక్యం ఉంది. ఆయన కావాలని వదిలేశాడో, కళ్ళకి ఆనలేదో నాకు తెలీదు. నాకు మాత్రం అది కంఠతా వచ్చు. జనవరి పద్నాలుగు నుంచి వచ్చు. మార్చి నాలుగున గుమాస్తా బొటనవేలి కింద ఉన్నప్పుడు కూడా వచ్చు. ఆ రోజే అడిగి ఉంటే ఈ సున్నాలూ దుప్పట్లూ ఏవీ అక్కర్లేదు. కానీ ఆ వాక్యం ఉందని చెప్పాలంటే, చదివానని చెప్పాలి.

"ఆఖరి వాక్యం చదవలేదయ్యా మీరు," అన్నాను.

"ఏ వాక్యం?"

"పిల్ల ఓడ ఎక్కేలోగా తల్లి స్వయంగా వచ్చి, తన చేత్తో రాసి, ఈ సమ్మతిని రద్దు చేసుకోవచ్చు. అదీ వాక్యం."

మిస్ ఫెన్విక్ చెయ్యి చాపి కాగితం తీసుకున్నారు, కళ్ళ దగ్గరగా పెట్టుకుని చదివారు, తిరిగి ఆయన ముందు పెట్టారు. "ఉంది," అన్నారు.

"అయితే నీకు చదువొచ్చు," అన్నాడు పెద్దాయన.

"వచ్చు. ఉత్తరం రాసింది నేనే. నా కూతురు అబద్ధాలకోరు కాదయ్యా, నాకోసం చెప్పింది ఆ మాట. నేను ఆ కాగితం రెండుసార్లు చదివాను. అంతా అర్థమైంది."

"అంటే, సముద్రం దాటిస్తారని తెలిసే పెట్టావు."

"తెలిసే పెట్టాను."

"ఎందుకు?"

హెట్టీ వంక చూడకుండా చెప్పాను. అక్కడ చెప్పింది ఇక్కడా రాస్తాను, వెలుతురు తక్కువని ఇదే పుస్తకంలో రాశాను గనక. గది పోయాక నాలుగు రాత్రులు పిల్లతో మెట్ల కింద పడుకున్నాను. పిల్ల ఉంటే ఏ లాడ్జింగ్‌లోనూ మంచం ఇవ్వరు. ఒక్కదాన్నైతే ఇస్తారు. ఆ కాగితం చదువుతున్నప్పుడు నేను కెనడా గురించి ఆలోచించలేదు, పిల్ల మేలు గురించీ ఆలోచించలేదు. మంచం గురించి ఆలోచించాను. సంతకం పెట్టి, కాపర్ కోర్టుకి వెళ్ళి, పడుకున్నాను. ఆ రాత్రంతా ఏడ్చానని అందరికీ చెప్పాను. ఏడవలేదు. ఆదమరిచి నిద్రపోయాను.

"ఇప్పుడు నాకు కాగితం, కలం ఇవ్వండి," అన్నాను. "తన చేత్తో రాసి, అని ఉంది కదా."

పెద్దాయన అటూ ఇటూ చూశాడు. ఇలాంటి తల్లికి పిల్లనెలా ఇవ్వడం అని ఎవరో అన్నారు. మిస్ ఫెన్విక్ లేచి, తన ముందున్న సిరాబుడ్డీ కలమూ తెచ్చి నా ముందు పెట్టారు. "ఈవిడ ఇవాళ నిజం చెప్పింది. మన కాగితం మనం రాసుకున్నదే, దానికి మనమే కట్టుబడాలి," అన్నారు.

రాశాను. ఒక్క తుడుపు లేదు.

రేకు పెట్టె ఇచ్చెయ్యమన్నారు. హెట్టీ దాన్ని బల్ల పక్కన నెమ్మదిగా పెట్టింది. పొడుగు గౌను విప్పించి పాతది తొడిగారు. వంతెన దాకా నా పక్కనే నడిచింది, చెయ్యి ఇవ్వలేదు. వంతెన మధ్యలో అడిగింది.

"రెండుసార్లు చదివావా?"

"రెండుసార్లు."



ఏప్రిల్ 12

హెట్టీ లూతో మాట్లాడుతుంది. అవ్వతో మాట్లాడుతుంది. కింద కొట్టు దగ్గర తోక తెగిన పిల్లితో కూడా మాట్లాడుతుంది.

ఏప్రిల్ 14, ఆదివారం

అవ్వ అంది, "పిల్లని బతిమాలకు. బతిమాలితే నీ మనసు తేలికవుతుంది గానీ దానిది కాదు. రొట్టె పెట్టు, తల దువ్వు, పనికి వెళ్ళి వేళకి ఇంటికి రా." అలాగే చేస్తున్నాను. తల దువ్వనిస్తుంది. నా వంక చూడదు. అయినా చేస్తాను. ఏడాదైనా చేస్తాను.

ఏప్రిల్ 17, బుధవారం

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చాను. హెట్టీ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. అవ్వ నిద్రపోతోంది.

"పదింటికి వెళ్ళిపోయింది రైలు," అంది. నాతో అంది.

"అవును."

"నా పెట్టె ఎవరికిచ్చి ఉంటారు?"

"ఎవరో ఇంకో అమ్మాయికి."

"దానిమీద నా పేరుంది," అంది. కిటికీ నుంచి ఇటు తిరిగింది. "నువ్వు మళ్ళీ ఎప్పుడైనా సంతకం పెడతావా?"

"పెట్టను."

"నాకెలా తెలుస్తుంది?"

ఒట్టు వెయ్యబోయాను, వద్దన్నట్టు తల ఊపింది. లేచి వెళ్ళి నా సంచిలోంచి ఈ పుస్తకం తెచ్చింది. ఎక్కడ దాచానో దానికి ముందే తెలుసు. చదివిందేమో అడగలేదు. ఖాళీ పేజీ తీసి నా ముందు పెట్టి, పెన్సిల్ ఇచ్చింది.

"రాయి," అంది.

నేను, సెలీనా గార్బట్, నా కూతురు హెట్టీని ఎవరికీ ఇవ్వను. ఆకలేసినా ఇవ్వను, నిద్రొచ్చినా ఇవ్వను, మంచం లేకపోయినా ఇవ్వను.

పుస్తకం తన వైపు తిప్పుకుని, ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. పేజీ తిప్పి వెనక ఏమైనా ఉందేమో చూసింది. తర్వాత పుస్తకం నా వైపు తోసింది.

"సరే. పెట్టు," అంది.

సెలీనా గార్బట్